అమ్మ వండిన కోడిపులుసు

చెల్లీ మేహ్వా,

నేను బస్సులో తైనాన్ ట్రాఫిక్ ఆఫీసుకు వెళ్తున్నాను. అమ్మ అడిగితే టాక్సీ షెడ్డులో ఉందని చెప్పు. లైసెన్సు పోయిందని మాత్రం అనకు. నిన్న మధ్యాహ్నం తను వండిన నువ్వులనూనె కోడిపులుసులో సీసాడు బియ్యపు సారా పోసిందిగా, అది తాగి బండెక్కి వీధి మలుపులోనే పోలీసులకు దొరికిపోయానని తెలిస్తే ఆవిడ తట్టుకోలేదు.

తిన్న వెంటనే గొట్టంలో ఊదమంటే, ముందు నీళ్లడిగి నోరు పుక్కిలించే హక్కు మనకుందట. "నీళ్లడగడానికి కూడా నోరు రాలేదట్రా?" అన్నాడు పక్కింటి లాయ్ మామ. పోలీసు ముందు నా నోరెప్పుడు పెగిలిందిలే.

తా.క. పొద్దున అమ్మ మళ్లీ ఆ పులుసే గిన్నెడు పోసింది. "మొహం పీక్కుపోయింది, తాగు నాన్నా" అంది. కాదనలేక తాగేశాను. ఎలాగూ వెళ్లేది బస్సులోనేగా.