ఇద్దరికీ ఒకే అద్దం

చెల్లికి,

నీకంటే పది నిమిషాలు ముందు పుట్టిన అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. మోకాళ్లు తప్ప నేను క్షేమం. అక్కడ నువ్వూ, నీ కూతురు బుడ్డదీ క్షేమమేనని తలుస్తాను.

నీ ఉత్తరం చేరి ఎనిమిది రోజులైంది. ముందు తేలిక ప్రశ్నలకు జవాబులు. దగ్గు తగ్గింది. నువ్వు అల్లి పంపిన స్వెట్టర్‌కు చేతులు పొడుగయ్యాయి. కవలలం కదా అని నీ కొలతలే పెట్టినట్టున్నావు, నేను ఎప్పుడో కుంగిపోయానే! ఇంటి ఓనరమ్మ ఇంకా అంతే గయ్యాళి, నాకు సరిజోడు. నేను కట్టిన వంతెన ఫోటో పంపమన్నావు. ఆ సంగతి చివర్లో.

బుడ్డదానికి వచ్చే వారం పదహారు నిండుతాయన్నావు. మన ఇంటి రివాజు ప్రకారం దానికీ గాజు పలక మీద వెండి నీళ్లు పోయాలా అని అడిగావు. "అది లెక్కలు చదువుతానంటోంది. అద్దంలో ఇంకోటి కనిపిస్తే ఎవరి మాట వినాలే అక్కా?" అన్నావు. ఆ వాక్యం దగ్గరే ఎనిమిది రోజులు ఆగిపోయాను.

మన పదహారో పుట్టినరోజు గుర్తుందా? నాన్న అద్దాల షాపు వెనక గది. వెండి పూత గాజుకు పట్టే ముందు, రెండు క్షణాలపాటు, ఎదురుగా ఉన్న పిల్లకు రాబోయే తన రూపం కనిపిస్తుందనీ, పోసేవాళ్లు మాత్రం మొహం తిప్పుకోవాలనీ నాన్న ఎన్నిసార్లు చెప్పాడో. మనిషికో పలక పోయాలి. మన నాన్న పిసినారితనం తెలిసిందేగా! "కవలలేగా, ఇద్దరికీ ఒక్కటి చాల్లే. వెండి ఊరికే వస్తోందా?" అంటూ పోసేశాడు. వెండి నీళ్లలోని అమ్మోనియా ఘాటుకు నువ్వు కళ్లు నులుముకుంటూ ఉండిపోయావు. తెరిచేసరికి అద్దంలో మనిద్దరి వెర్రిమొహాలే ఉన్నాయి.

"అయ్యో, అయిపోయిందా! అక్కా, నేనెలా కనిపించానే?" అని నన్నడిగావు.

నేను చెప్పాను. నల్లబడ్డ వేళ్లతో షాపులో అద్దం తుడుస్తున్నది నువ్వని, నది మీద సగం కట్టిన వంతెన ముందు కాగితాలు పట్టుకుని నిలబడ్డది నేనని. నాన్న నన్ను ఇంజనీరింగుకు పంపాడు, నిన్ను షాపులో కూర్చోబెట్టాడు. లెక్కల్లో నీకు నూటికి తొంభై ఎనిమిది, నాకు బొటాబొటి పాసు. అయినా అద్దం చెప్పాక ఇంకేముందిలే అన్నావు.

వంతెన ముందున్న ఆవిడకు కనుబొమ్మ మీద మచ్చ ఉందే. చిన్నప్పుడు గాజుపెంకు గీరుకుని నీకు పడ్డ మచ్చ. ఆవిడ నువ్వు.

నాకు అప్పుడే తెలుసు. పొరపాటు పడ్డానని రాసి రెండు కాగితాలు చింపేశాను. పొరపాటేం కాదు. ఆ గదిలోంచి, ఆ ఘాటులోంచి బయటపడితే చాలనిపించింది, మనిద్దరినీ తారుమారు చేసి చెప్పేశాను. సాయంత్రం నిజం చెబుదామనుకున్నాను. అప్పటికే నాన్న వీధి వీధంతా చాటేశాడు. మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ మర్నాడు ఇవాళ్టికి వచ్చింది.

ఇక వంతెన సంగతి. నేను ఏ వంతెనా కట్టలేదు. ఇరవై నాలుగేళ్లుగా పాత వంతెనల ప్లాన్లకు నంబర్లు వేసి బీరువాల్లో పెడుతున్నాను. నీకు రాసిన గొప్పలన్నీ వాటిల్లో చూసి రాసినవే. ఆ నది మీది వంతెన ఎవరూ కట్టలేదు. కట్టాల్సినదాన్ని నేను షాపులో కూర్చోబెట్టాను. అద్దంలో ఆవిడకు ముప్పై దాటి ఉండవు, మనకు నలభై ఆరు. ఏం చేసినా ఆ వయసు నీకు తెచ్చివ్వలేను. నన్ను తిట్టవే తల్లీ. బుడ్డది విన్నా సరే, గట్టిగా తిట్టు.

దానికి మాత్రం పలక పోయకు. లెక్కలు చదువుతానంది, అది చాలదూ? మన బతుకుల్ని అద్దం నడపలేదు, పక్కన నిలబడ్డ నా నోరు నడిపింది.

ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. నెలాఖరుకు వస్తాను. నువ్వు తలుపు తీయకపోతే గడప మీదే కూర్చుంటాను, ఎంతసేపైనా. తీస్తే, వెండి పూత మందుల పాళ్లు రెండు రోజులు నేర్పు, షాపు నేను చూసుకుంటాను. ఆ రోజు అద్దం తుడుస్తూ కనిపించిన ఆవిడకు జుట్టంతా నెరిసి ఉంది. నాకు ఈ ఏడాదే నెరిసింది. ఆవిడ షాపులో ఒక్కతే ఉంది, నువ్వు లేవు. ఎక్కడికి వెళ్లావో నాకు కనిపించలేదు. ఎక్కడికైనా సరే, వెళ్లు.

ఇట్లు,
నీ పది నిమిషాల అక్క