లేని అల్లుడు

ప్రియమైన వదినకి,

నువ్వు చెప్పినట్టే దుకాణం అడ్రసుకు రాస్తున్నాను. బడి యూనిఫారాల గుట్టలో కలిపేసి ఏ పిల్లాడి జేబులోనో పెట్టి కుట్టెయ్యకు. ఫోన్ చేద్దామంటే అది అన్నయ్య చేతిలో ఉంటుంది, దాని పక్కనే అమ్మ చెవి ఉంటుంది.

అసలు సంగతికి వస్తాను. నువ్వు ‘కళ్ళజోళ్ళ అన్నయ్య’ అని పేరు పెట్టిన మనిషీ నేనూ ఈ దేశం వాళ్ళం కాము. ఆయనది ఒక దేశం, నాది ఒక దేశం, బతుకుతున్నది మూడో దేశం. ఇక్కడ పెళ్లి కోసం దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకి పిండాలు తయారుచేసి ఫ్రీజర్లో దాచడం వరకు ఒప్పుకుంటారు. మాకు అంతవరకు అయింది. ఆ సూదులూ వాపులూ వాంతులూ అన్నీ అయ్యాక నిలిచింది ఒక్కటే. డాక్టరమ్మ తెర మీద చూపించింది. నీ గుండీల డబ్బా అడుగున దొరికే ముత్యం గుండీలా ఉంది వదినా. దాన్ని చూసి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

దాన్ని నా కడుపులో పెట్టాలంటే పెళ్లి నమోదు కావాలి. అందుకు ఆయన పాత పెళ్లి రద్దయిందని వాళ్ళ దేశం నుంచి కాగితం, నాకు పెళ్లి కాలేదని మన ఊరి ఆఫీసు నుంచి కాగితం ఉండాలి. రెండూ ఒకేసారి చెల్లుబాటులో ఉండాలి. ఆయనది వచ్చింది, ఆరు నెలలు పనిచేస్తుంది. ఇంకో గడువు నా ఒంట్లోనే ఉంది. వచ్చే పుట్టినరోజు దాటితే నా వయసువాళ్ళకి ఇక్కడ ఏ ఆసుపత్రీ పిండం పెట్టదు.

నా కాగితం కోసం మన ఆఫీసులో పెట్టే దరఖాస్తు మీద ఇంటివాళ్ళ తరఫున అన్నయ్య సంతకం చెయ్యాలి. ఆఫీసువాళ్ళు వీధిలో విచారిస్తారట, విచారించనీ. నాకు పెళ్లి కాలేదని చెప్పడానికి మన వీధిలో సాక్షులు కరువా? ఇన్నేళ్ళూ వాళ్ళకి అదేగా పని!

నీ
ఉడత

*

ప్రియమైన ఉడతమ్మకి,

ముందు మంచిమాట. మీ అన్నయ్య సంతకం పెట్టాడు. పెన్ను రాయడం లేదని రెండుసార్లు విదిలించాడు, నేను ఇంకోటి ఇస్తే దాన్నీ విదిలించాడు, మొత్తానికి పెట్టాడు.

ఇక చెడ్డమాట. నిన్న ఆఫీసు మనిషి చంకలో ఫైలు పెట్టుకుని విచారణకి వచ్చాడు. మొదట దొరికింది మూలమీద ఇస్త్రీ ఆవిడ. “ఈ ఇంటి అమ్మాయికి పెళ్లయిందా?” అని అడిగితే, “అవ్వకేం బాబూ, డాక్టరుగారితో అయింది. మేమంతా స్వీట్లు తిన్నాం” అంది. ఎదురింటి మాస్టారు ఇంకో మెట్టెక్కి, “గుండె డాక్టరండీ. నా బీపీ మాత్రలు ఆయన్నడిగే వేసుకుంటున్నాను” అన్నాడు. ఆఫీసు మనిషి అందరినీ అడిగి, అందరిచేతా అదే చెప్పించుకుని, ‘వివాహిత’ అని రాసుకుని వెళ్ళిపోయాడు.

కంగారుపడకు. నీకు తెలియకుండా నీకు పెళ్లయింది, అంతే.

నువ్వు కళ్ళజోళ్ళ అన్నయ్యతో ఒకే ఇంట్లో ఉంటున్నావని తెలిసినప్పుడు అత్తయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు పొద్దున్నే తలస్నానం చేసి, స్వీట్లు తెప్పించి వీధంతా పంచింది. “మా అమ్మాయి అక్కడే డాక్టర్ని చేసుకుంది, మనవాడే, తీరిక లేక రాలేకపోయారు” అంది. నన్నూ మీ అన్నయ్యనూ నోరు మెదపనివ్వలేదు. ఒక్క అబద్ధంతో పోతుందనుకున్నాం. కానీ వీధివాళ్ళు ఊరుకుంటారా? “మా మోకాళ్ళ సంగతి అల్లుడుగార్ని అడగండి” అని వచ్చేవారు. అత్తయ్య ఒకరోజు ఆగి, “పడుకునేముందు గోరువెచ్చటి నీళ్ళు తాగమన్నాడు” అని చెప్పేది. కొందరికి తగ్గింది కూడా!

ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, అల్లుడు లేడు గానీ ఆయన హస్తవాసి మాత్రం మంచిదని పేరొచ్చింది. నువ్వు తిట్టుకో, నేను పడతాను. ఏం చెయ్యాలో రాయి.

నీ
వదిన

*

ప్రియమైన వదినకి,

నీ ఉత్తరం వచ్చిన రోజు మా పళ్ళ ల్యాబులో ఎవరికో పైవరుస కట్టుడుపళ్ళు అమరుస్తున్నాను. మైనం చల్లారాక చూసుకుంటే కోరపన్ను ఉండాల్సిన చోట దవడపన్ను కూర్చోబెట్టాను. మొత్తం కరిగించి మళ్ళీ చేశాను. నా పని అలా కరిగించుకోవచ్చు.

ఆసుపత్రికి కూడా వెళ్ళాను. గోడ పొడుగునా కుర్చీలు, అన్నింట్లోనూ జంటలు. ఎవరి ఒళ్ళో వాళ్ళ ఫైలు, బిడ్డ నిద్రపోతున్నట్టు దానిమీద చెయ్యి. కౌంటర్లో అమ్మాయి మంచిది. “మీ కాగితం ఎప్పుడొస్తుంది?” అని మెల్లిగా అడిగింది. మా అమ్మ నాకు ఒక మొగుణ్ణి పుట్టించింది, ఆయన అడ్డం తిరిగాడు అని ఏ భాషలో చెప్పను? త్వరలో వస్తుందన్నాను.

అమ్మ ఒక్క మాట చెప్తే చాలు. వీధిలో నిలబడి, “నా కూతురికి పెళ్లి కాలేదు” అనాలి. వయసు మీరినా పెళ్లి కాని కూతురు సిగ్గుచేటైతే, ఆ సిగ్గుతో అంతకుముందు ఎన్నేళ్ళు బతకలేదు? ఇంకో నెల బతకమను. అమ్మకి ఆ ముత్యం గుండీ సంగతి చెప్పు వదినా. మనవడో మనవరాలో అని చెప్పు. అల్లుణ్ణయితే ఊహించుకుంది గానీ దీన్ని ఊహించుకోనక్కర్లేదు, ఇది ఉందని చెప్పు.

ఆయన కాగితానికి సగం గడువు అయిపోయింది.

నీ
ఉడత

*

ప్రియమైన ఉడతమ్మకి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

గుండీ సంగతి అత్తయ్యకి చెప్పాను. చేస్తున్న పని పక్కన పెట్టింది. తర్వాత, “దానికి ఎవరి పోలికో!” అంది. కరిగిందనుకున్నాను. మర్నాడు తనే ఆఫీసుకి బయల్దేరింది, నన్ను రావద్దంది. నిజం చెప్పడానికే వెళ్తోందని సంబరపడ్డాను, నా బుద్ధి తక్కువ. అక్కడ, “పెళ్లయిన మనిషి మళ్ళీ పెళ్లి చేసుకోవాలంటే ఎలా?” అని అడిగిందట. వాళ్ళు విడాకులైనా ఉండాలి, భర్త పోయైనా ఉండాలి అన్నారట.

విడాకులంటే పరువు పోతుంది, చావైతే జాలి వస్తుంది. ఇంటికి వస్తూ వస్తూనే గేటు దగ్గర కూలబడి అల్లుణ్ణి చంపేసింది. గుండెపోటట, గుండె డాక్టరుకి!

వీధంతా పరామర్శకి వచ్చింది. హాల్లో చాపలు చాలక నా దుకాణం బట్టలు తెచ్చి పరిచాను. మాస్టారు బీపీ మాత్రల డబ్బా చేత్తో పట్టుకుని వచ్చి, “చెయ్యి మంచిదమ్మా” అని కళ్ళు తుడుచుకున్నాడు. మీ అన్నయ్య గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళందరికీ తల ఊపుతూనే ఉన్నాడు. అత్తయ్య అయితే నిజంగానే ఏడ్చింది ఉడతా. ముక్కూ కళ్ళూ ఎర్రబడి, గొంతు పూడిపోయేదాకా ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఆవిడ నోట్లో బతికిన మనిషి కదా!

ఇక్కడితో ఆగినా బాగుండేది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆ చావు కబురు అందుకుని ఆఫీసువాళ్ళు ఫైల్లో ‘వితంతువు’ అని దిద్ది, మరణ ధ్రువపత్రం తెమ్మన్నారు. పుట్టనివాడికి చావు కాగితం ఎక్కణ్ణించి తేను?

నీ
వదిన

*

ప్రియమైన వదినకి,

నాకు మొగుడు పోయిన సంగతి నీ ఉత్తరం చూసే తెలిసింది.

ఆయనకి చదివి వినిపించాను, మాటమాటకీ ఆపి అర్థం చెప్తూ. మాస్టారి మాత్రల దగ్గర పడీపడీ నవ్వాడు. మరణ ధ్రువపత్రం దగ్గర ఆపేశాడు. తర్వాత వెళ్ళి, ఎవరివో పాత కళ్ళజోళ్ళ ఫ్రేములు ముందేసుకుని ఒక్కొక్క మరా బిగిస్తూ కూర్చున్నాడు. “మీ అమ్మకి నేనంటే అంత సిగ్గా?” అని మాత్రం అడిగాడు. కాదు, నిన్నసలు ఒక మనిషిగానే లెక్కపెట్టలేదు అని చెప్పలేక, భాష రానట్టు ఊరుకున్నాను.

అన్నయ్యకి నా మాటగా ఇది చెప్పు. చిన్నప్పుడు కిటికీ అద్దం తను పగలగొడితే దెబ్బలు నేను తిన్నాను. ఆ బాకీ ఇప్పుడు తీర్చమను. ఆఫీసుకి వెళ్ళి నిజం చెప్పమను. తనకీ పరువే ఎక్కువైతే, నాకు అన్నయ్య కూడా లేడనుకుంటాను. లేనివాళ్ళు మన ఇంట్లో కొత్తేమీ కాదు.

కోపంగా రాశాను. నీ మీద కాదు. తొందరగా ఏదో ఒకటి చెయ్యి వదినా, పుట్టినరోజు దగ్గరికొచ్చేసింది.

నీ
ఉడత

*

ప్రియమైన ఉడతమ్మకి,

కాగితం దొరికింది. దీంతోపాటే పెడుతున్నాను. ముందు దాన్ని తీసి జాగ్రత్త చెయ్యి, తర్వాత చదువు.

మీ అన్నయ్యకి నీ మాట చెప్పాను. అద్దం సంగతి విని తల దించుకున్నాడు, ఎత్తలేదు. అత్తయ్య, “నేను బతికుండగా ఆ మాట నా నోట రాదు” అంది. అబద్ధం పుట్టించినవాళ్ళు సాక్షుల ముందు రాసిస్తేనే పాత విచారణ కొట్టేస్తామని ఆఫీసు మనిషి తేల్చేశాడు.

అందుకని నేను రాసిచ్చాను. పెళ్లీ నేనే పుట్టించాను, చావూ నేనే పుట్టించాను, అత్తగారు అమాయకురాలు, నేను చెప్పింది నమ్మింది అని. వీధిలో మాస్టారి అరుగు మీద నిలబెట్టి పైకి చదివించారు. గొంతు వణక్కూడదని గుండుసూదులు నోట్లో పెట్టుకున్నట్టు పళ్ళు బిగించి చదివాను. అత్తయ్య జనంలోనే ఉంది. ఎవరో, “నిజమేనా అమ్మా?” అని అడిగితే, “దాని బుద్ధే అంత” అంది.

నేను ఆవిడ కళ్ళలోకి చూశాను. ఆవిడ చూడలేదు.

పర్వాలేదులే. ఆడపడుచు కాపురం మీద ఏడ్చే వదిన అంటే ఎవరైనా నమ్ముతారు, కష్టపడక్కర్లేదు. ఇస్త్రీ ఆవిడ ఒక్కతే, “స్వీట్లు నువ్వు పంచలేదు కదమ్మా” అని, జవాబు కోసం చూడకుండా తన పని తను చేసుకుంది. బడివాళ్ళు మాత్రం ఈ ఏడాది యూనిఫారాలు ఇంకొకరికి ఇచ్చారు. అబద్ధాలమనిషి కొలతలు ఎలా నమ్ముతామన్నారట. పోతే పోయాయి, ఇంకేవో కుట్టుకుంటాను. నువ్వు పరుగెత్తి పెళ్లి చేసుకో, ఆ గుండీని నీ కడుపులో కుట్టించుకో. బిడ్డకి చొక్కాలన్నీ నావే.

నీ
వదిన

*

ప్రియమైన వదినకి,

జవాబు ఆలస్యమైంది. చాలాసార్లు మొదలుపెట్టి చించేశాను.

నువ్వు పంపిన కాగితం అందింది. మడతల్లో నీ దుకాణం దారప్పోగు ఒకటి కూడా వచ్చింది. కానీ అది చేరేసరికి ఆయన కాగితం గడువు తీరిపోయింది. మళ్ళీ వాళ్ళ దేశానికి రాశాం, మళ్ళీ ముద్రలు, మళ్ళీ అనువాదాలు. అది వచ్చింది. అప్పటికి నా పుట్టినరోజు వెళ్ళిపోయింది. డాక్టరమ్మ మా ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, “అన్నీ సరిగ్గా ఉన్నాయి” అంది, తర్వాత వయసు చూసింది. బతిమాలాను వదినా. నేనెప్పుడూ ఎవరినీ అలా బతిమాలలేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ చట్టానికి తిరగలేదు.

ఇంకో దేశం తీసుకెళ్తామంటే, పెళ్లి కాని జంట పిండాన్ని బయటికి పంపకూడదట. పెళ్లి నమోదయ్యేలోగా దాచుకునే గడువు కూడా అయిపోతుందట. దాన్ని తీసెయ్యడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టమన్నారు. అందులో పెళ్లయిందా లేదా అని ఒక గడి ఉంది. ‘లేదు’ అని రాశాను. రుజువు చూపించమని ఎవరూ అడగలేదు. నేను చెప్పిన మాట అక్కడ వెంటనే నమ్మారు.

ఇంటికి నడిచే వచ్చాం. పెళ్లి మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇద్దరి కాగితాలూ ఇప్పుడు బల్ల మీదే ఉన్నాయి, బంగారంలా చెల్లుతాయి.

నీకు ఎంత రుణపడ్డానో రాయడం నాకు చేతకాదు. నువ్వు మోసిన నింద వృథా అయిందని రాయడం ఇంకా చేతకావడం లేదు. అయినా ఇంకో పని అడుగుతున్నాను. లేనివాడు పోతే మన హాలు నిండా జనం కూర్చున్నారు. ఉన్నది పోతే నాకు ఇక్కడ ఎవరూ రాలేదు. నా తరఫున నువ్వొక్కదానివి, ఒక్క పూట కూర్చో.

ఉడత

*

ప్రియమైన నా ఉడతమ్మకి,

కూర్చున్నాను.

దుకాణం మూసేసి, హాల్లో ఆ రోజు చాప వేసిన చోటే వేసుకుని కూర్చున్నాను. నీ బిడ్డకని ముందే ఒక చొక్కా కుట్టి పెట్టాను, నీకు చెప్పలేదు. అది ఒళ్ళో పెట్టుకున్నాను. ఏడుపు దానంతటదే వచ్చింది. మీ అన్నయ్య చూసి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అత్తయ్య వచ్చి, “ఎవరు పోయారే?” అంది. నీ ఉత్తరం చదివి వినిపించాను. గోడ పట్టుకుని నిలబడింది. పెదవులు కదిలాయి. ఏమంటుందోనని నేను ఏడుపు ఆపి చూశాను.

“గట్టిగా ఏడవకు, పక్కింటివాళ్ళు వింటారు” అంది.

అప్పుడు లేచాను ఉడతా. చాప చుట్టి, గుమ్మం దాటి, వీధి మెట్టు మీద పరిచి కూర్చున్నాను. అటుగా వెళ్ళేవాళ్ళు అడిగారు. “మా ఆడపడుచు బిడ్డ పోయింది” అని అందరికీ చెప్పాను. మాస్టారు, “మళ్ళీ మొదలెట్టావా అమ్మాయ్?” అని తలుపేసుకున్నాడు. ఇద్దరు నవ్వుకుంటూ వెళ్ళారు. వాళ్ళనేం అనను, అబద్ధాలమనిషినని అరుగెక్కి చదివింది నేనే కదా!

ఇస్త్రీ ఆవిడ పెట్టెలో నిప్పులు ఆర్పేసి వచ్చింది. నమ్మిందో లేదో నాకు తెలీదు. చాప మీద నా పక్కన కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఒళ్ళోంచి చొక్కా తీసుకుని, ముడతలు చేత్తోనే సవరించి మళ్ళీ నా ఒళ్ళో పెట్టింది. చీకటిపడేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

నీ
వదిన