మలుపు అవతలి వాగు

అన్నా,

ఈ మాట చెప్పుకోవడానికి నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. అడవుల్లో కమ్యూనిస్టులను వేటాడిన ఎమర్జెన్సీ రోజుల్లో నువ్వు కనబడకుండా పోయిన కేమరన్ కొండల దారిని మలయాకి మెర్డెకా వచ్చి తెల్లదొరలు వెళ్లిపోయాక అందరికీ తెరిచారు. నిన్న నేనూ మా ఆయనా వెళ్లాం. ఆయన నీ స్నేహితుడే. నువ్వు పోయాక నన్ను చేసుకున్నాడు. ఇప్పుడు తోట గేటు దగ్గర, అడవిలోవాళ్లకి తిండి చేరుతుందేమోనని అన్నం పొట్లాలు విప్పి చూసే సిపాయిలు లేరు.

కొండగాలికి ఒళ్లు అలవాటు పడాలని మొదటిరోజు లోయలోనే, తేయాకు తోటల పక్కగా మెల్లగా నడిచాం. నువ్వు వెళ్లిన ఆ దారి తానెన్నడూ చూడలేదని ఆయన ఏళ్లుగా చెబుతున్నాడు. మలుపు ఇంకా రాకముందే నా చెయ్యి పట్టుకున్నాడు.

"మెల్లగా నడు లా. ముందర వాగుంది, రాళ్లు జారతాయి."

మలుపు తిరిగితే నిజంగానే వాగు ఉంది.

"మీకెలగ తెలుసు?" అన్నాను.

ఆయన నా చెయ్యి వదిలాడు. "మీ అన్నని ఎతకడానికి వచ్చినాను. సెప్తే నువ్వు ఆశ పెట్టుకుంటావని సెప్పలేదు."

వెతకడానికే వచ్చి ఉండవచ్చు. ఆ రోజు నీ వెనకే నడిచి వచ్చి కూడా ఉండవచ్చు. నాకు నమ్మాలనే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు, "మీరు ముందు నడవండి" అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు.