నవమి నాడే పెట్టండి

హామిల్టన్,
అక్టోబరు 6.

హేమచంద్ర బావగారికి నమస్కారాలు.

మీ తమ్ముడి సంవత్సరీకం సర్రీలో మీరే పెడుతున్నారు కాబట్టి ఒకటి అడుగుతున్నాను. దశమి నాడు వద్దు, నవమి నాడు పెట్టండి. ఫోన్ చేస్తే ఎందుకని అడుగుతారు, నేను చెప్పేస్తాను. అందుకే ఈ ఉత్తరం.

పొద్దున టిఫిన్ ఇవ్వడానికి గది తలుపు తీస్తే అప్పటికే ప్రాణం లేదని జైలువాళ్ళు అన్నారు. ఆ టైమునే మనం పంతులుగారికి ఇచ్చాం, ఆయన దశమి అన్నారు. ఇప్పుడు మనం వేసిన కేసులో వాళ్ళు తమ కాగితాలూ, కెమెరా రికార్డింగూ మాకు ఇవ్వాల్సి వచ్చింది. కేసుకు తప్ప ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాకే చూడనిచ్చారు.

“తిథి ఒక్కటీ చెప్పుకోవచ్చా?” అని లాయర్ అనిత గారిని అడిగాను.

“వద్దండీ, ఫ్యామిలీతో కూడా డిస్కస్ చేయకండి. జడ్జి దగ్గర మనమే ఇరుక్కుంటాం” అన్నారు.

ఆయన్ని పట్టించుకోనివాళ్ళ గుట్టు నేను దాచాలట! దాస్తాను, కేసు పోగొట్టుకోలేను. కానీ ఆయనకు తప్పు తిథిన పిండం పెట్టించలేను.

పంతులుగారు అడిగితే టైము నేనే తప్పు చెప్పానని చెప్పండి. నిరుటి పంచాంగం తీస్తే, వాళ్ళు ఆ తలుపు తీసిన ముందురోజు సాయంత్రం నాలుగింటికే నవమి వెళ్ళిపోయిందని మీకే కనిపిస్తుంది. చూశాక నాకు ఫోన్ చేయకండి.

నిద్రలోనే పోయాడని అత్తయ్యగారికి మీరు చెప్పారు. ఆ మాట అలాగే ఉండనివ్వండి.

మీ మరదలు