మేడ మీది సర్టిఫికెట్లు

చిక్కడపల్లి,
14 అక్టోబర్ 2009.

అపార్ట్‌మెంట్ సెక్రటరీ వెంకటరామయ్య గారికి,

శనివారం దీపావళి టపాసులు కాల్చుకోవడానికి మేడ మీది చెత్త తీసేయమని మీరు పంపిన నోటీసు అందింది. తీయను.

అది చెత్త కాదు. అలంపురం దగ్గర వరదలో మునిగిన ఒక ఊళ్లో బడి కడగడానికి మేం ఆరుగురం వెళ్లాం. బీరువాలో పిల్లల పదో తరగతి సర్టిఫికెట్లు తడిసి ముద్దయ్యాయి. ఊళ్లో ఎక్కడా పొడి నేల లేదు. అందుకే హెడ్మాస్టరు గారిని అడిగి తెచ్చి, ఇక్కడ ఒక్కొక్కటీ విడదీసి ఆరబెడుతున్నాం.

మేం బయల్దేరేటప్పుడు ఒక తల్లి నా చెయ్యి వదల్లేదు. "ఇల్లంటే మళ్ల కట్టుకుంటం అక్కా. నా బిడ్డ నర్సు చదువుకు పోవాలె. ఈ కాయిదం లేకుంటే ఎట్ల పోతది?" అంది. చిరగకుండా తెచ్చిస్తానని మాటిచ్చాను.

టపాసులు ఈసారి కింద కాల్చుకోవచ్చు.

మేడకు తాళం వేయిస్తానని వాచ్‌మన్‌తో అన్నారట. నిన్న మీ శ్రీమతి కమలాకుమారి గారు పైకొచ్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని సాయంత్రం దాకా మాతో కాగితాలు విడదీశారు. "శనివారం కూడా వస్తాను. ఆయనకు నేను చెప్పలేనమ్మా, మీరే రాయండి" అన్నారు.

తాళం వేయించేటప్పుడు ఆమె కూడా లోపలే ఉంటారని గమనించగలరు.

ఫ్లాట్ 302 నుంచి.