ఒక్క సీటు కారు

వేములపాలెం,
శనివారం

చిరంజీవి యూసుఫ్‌కి పేరయ్య పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం, నా చెవులు తప్ప.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నాడేమిటా అనుకుంటావేమో. మిర్చి యార్డులో కేకలు విని విని నా చెవులు పోయిన సంగతి నీకు తెలిసిందే. ఫోన్‌లో నువ్వు చెప్పేది మా ఇంటిల్లిపాదికీ, పక్కింటివాళ్ళకీ వినపడుతుంది గాని నాకు వినపడదు. ఇది నలుగురికీ వినపడాల్సిన సంగతి కూడా కాదు. మన ప్రేమదాసు లారీ మిర్చి బస్తాలతో గుంటూరు వస్తూ పోతూనే ఉంది కాబట్టి అతని చేతే ఉత్తరాలు పంపుకుందాం.

మా మనవడు చైతన్యకృష్ణ తన జర్మనీ కారుని నల్లపాడులో నీ షెడ్డుకి తోలి, "తాతయ్యా, కారు సిద్ధం చేయిస్తున్నాను, నువ్వు పట్టించుకోకు" అని చెప్పి ఎగుమతి పని మీద చెన్నై వెళ్ళిపోయాడు. సరేనని ఊరుకున్నాను. నిన్న ప్రేమదాసు కారు సీట్లు నాలుగూ గోనెపట్టాల్లో చుట్టి తెచ్చి మా పంచలో దించాడు. బంగారం లాంటి తోలు సీట్లు. వాటికేం రోగమొచ్చిందని పీకావు?

దేనికి సిద్ధం చేయిస్తున్నాడో వాడు చెప్పకపోతే నాకు తెలియదా? ఆ రోజు ఒంగోలు నుంచి పెద్దమనుషులు వస్తారు. దారికి రెండు వైపులా జనం నిలబడి చూస్తారు. "మా కారు లాంటిది మీరెక్కడా చూసి ఉండరు" అని నలుగురిలో మాట ఇచ్చేశాను. ఆ మాట పోతే మళ్ళీ ఒంగోలు బస్సు ఎక్కలేను. పని ఆ రోజుకి అందాలి.

ఇట్లు,
పేరయ్య

తా.క. మా మనవరాలు శ్రీరమ్య పెళ్ళి శుభలేఖ దీంతో పంపుతున్నాను. నువ్వూ మీ ఆవిడ మౌలాబీ ముందురోజే రావాలి. రమ్యకి మాత్రం కారు సంగతి పొక్కనివ్వకు.


నల్లపాడు,
సోమవారం

పెదనాన్న గారికి యూసుఫ్ నమస్కారాలు.

మీ ఉత్తరం చూశాక నా గుండె మీద బరువు దిగింది. ఈ సంగతి తాతయ్యకి చెప్పొద్దని చైతన్యబాబు నాచేత ఒట్టు వేయించుకున్నాడు. మా నాన్న ఇమాం హుస్సేన్ మిమ్మల్ని అన్నయ్యా అని పిలిచిన మనిషి, మీ దగ్గర దాచడమేమిటని నాకు నిద్ర పట్టడం లేదు. మీకే తెలిసిపోయింది కాబట్టి ఇక బాధ లేదు. అయినా ఒట్టు ఒట్టే. ఆ పని పేరు నేను కాగితం మీద పెట్టను. మీకు తెలుసు, నాకు తెలుసు, చాలు.

ఇక సీట్ల సంగతి. ఇలాంటి పనికి కారు తేలికగా ఉండాలండీ. అందుకని సీట్లు, కింద కార్పెట్, పాటల పెట్టె, తలుపుల లోపలి మెత్తలు అన్నీ తీసేశాను. ఏసీ కూడా పీకేశాను. లోపల నేల నుంచి పైకప్పు దాకా ఇనుప గొట్టాలు పందిరి లాగా వెల్డింగ్ చేయిస్తున్నాను. గుంటూరులో ఇంత నాణ్యంగా ఈ పని చేసేవాడు నేను తప్ప లేడు. ఇది గొప్పకి చెప్పడం లేదు, వేరేవాళ్ళు ఎవరూ ఒప్పుకోలేదు.

రమ్యమ్మకి చెప్పనులెండి. ఆడపిల్ల, భయపడుతుంది.

ఇట్లు,
యూసుఫ్

తా.క. కార్పెట్ ప్రేమదాసు చేత పంపుతున్నాను. మీ పిల్లి దాని మీద పడుకోకుండా చూడండి. మా పిల్లి అప్పుడే పడుకుంది.


వేములపాలెం,
గురువారం

చిరంజీవి యూసుఫ్‌కి ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. పేరు రాయకపోవడమే మంచిది, మీ పెద్దమ్మ కోటిరత్నం నా ఉత్తరాలన్నీ నాకంటే ముందు చదువుతుంది.

ఇనుప పందిరి సంగతి నాకు నచ్చింది. బంతిపూలు నేను పంపిస్తాను. ముందూ వెనకా గట్టి కొక్కేలు పెట్టించు, పోయిన ఏడు మావాళ్ళ కారుకి దారాలతో కడితే దారిలోనే ఊడి పడ్డాయి. కానీ ఏసీ పీకడం ఏం తెలివి? ఫాల్గుణంలో మా ఊళ్ళో కళ్ళాల మీద ఆరబోసిన మిరపకాయలు ఒక్క పూటకే గలగలలాడతాయి. పట్టుబట్టలు కట్టుకుని ఆ కారులో కూర్చున్న మనిషి ఏమైపోవాలి?

ఇంకొకటి. డ్రైవరు మెల్లగా నడిపేవాడై ఉండాలి. తొందరపడితే ఉన్న మర్యాద కాస్తా పోతుంది.

ఇట్లు,
పేరయ్య

తా.క. నీ సీట్లు ఇటుకల మీద ఎత్తి పంచలో వేశాం. నిన్న ఒంగోలు నుంచి వచ్చిన పెద్దాయన ఒకదాంట్లో కూర్చుని, మాట్లాడవలసినవన్నీ మాట్లాడేసి కూడా లేవలేదు. చివరికి భోజనం అక్కడికే పంపాం.


నల్లపాడు,
శనివారం

పెదనాన్న గారికి నమస్కారాలు.

మీకు ఇన్ని సంగతులు తెలుసని నేను అనుకోలేదండీ. ముందూ వెనకా కొక్కెం ఉండాలన్నది అక్కడి రూలు కూడా. కారు ఆగిపోతే తాడు కట్టి లాగడానికి. పెట్టించేశాను.

పట్టుబట్టలు మాత్రం కుదరవు. మంట అంటుకోని గుడ్డతో కుట్టిన డ్రెస్సు వేసుకోవాలి. నెత్తిన హెల్మెట్. మనిషి కదలకుండా భుజాలకీ, నడుముకీ, కాళ్ళ మధ్యా కలిపి ఐదు బెల్టులు బిగిస్తాం. కారు పల్టీలు కొట్టినా లోపలి మనిషి చెక్కుచెదరడు. అంటుకున్నా ఆర్పడానికి సిలిండర్ పక్కనే ఉంటుంది. మీరు నిశ్చింతగా ఉండండి.

మెల్లగా నడపాలంటున్నారు. పెద్దవాళ్ళు అలాగే అంటారు. కానీ ఆ రోజు మెల్లగా పోతే చూసేవాళ్ళు నవ్వుతారండీ.

కొత్తగా బిగించే సీటు కొలత దగ్గర నాకొక అనుమానం మిగిలింది. చైతన్యబాబు ఆరడుగుల మనిషి. బాబు పంపిన కొలతలు చూస్తే బాగా పొట్టివాళ్ళవి. ఫోన్ చేసి అడిగితే "రాసినట్టే బిగించు" అన్నాడు. బిగించాను. ఉన్నది ఆ ఒక్క సీటే కాబట్టి తప్పు జరగకూడదని మీకూ చెబుతున్నాను.

ఇట్లు,
యూసుఫ్

తా.క. రెండో మనిషికి చోటు లేదా అని మౌలాబీ అడిగింది. రెండో మనిషి బయట నిలబడి జెండా ఊపుతాడని చెప్పాను.

మరో తా.క. సైలెన్సర్ మార్చి ఒకసారి స్టార్ట్ చేశాం. రెండు వీధుల అవతల టైలర్ షానవాజ్ చొక్కాకి మూడో చెయ్యి కుట్టేశాడట.


వేములపాలెం,
ఆదివారం

యూసుఫ్‌కి పేరయ్య రాయునది.

నీకు మతి గాని పోయిందా? నీ ఉత్తరం చదివి కోటిరత్నం మంచినీళ్ళు అడిగింది.

పెళ్ళికొడుకు బయట నిలబడి జెండా ఊపాలా? పెళ్ళికూతుర్ని కాళ్ళకీ చేతులకీ కట్టేసి తీసుకెళ్ళాలా? బాసికం మీద హెల్మెట్ పెడతావా? గుడి నుంచి మా ఇంటికి అరకిలోమీటరు లేదు, అందులో పల్టీలెందుకు కొడుతుంది?

పొట్టివాళ్ళ కొలత అని చదవగానే అది మా రమ్యదని పోల్చుకున్నాను. పిల్ల కొలత చూసుకుని సీటు వేసినవాడివి, పక్కన పెళ్ళికొడుకు కూర్చోవాలని తోచలేదా? ఊరేగింపు కారులో ఒక్క సీటు ఎక్కడైనా చూశావా?

ఈ సంబంధం నేను కుదిర్చింది. చైతన్య నాలుగు ఫోటోలు నా ముందు పెడితే, అందరినీ కాదని ఒంగోలు గ్రానైట్ వాళ్ళ అబ్బాయి శ్యామ్ సుందర్‌ని ఏరింది నేను. నిశ్చితార్థం దాకా పిల్లాపిల్లవాడూ ఒకరి ముఖం ఒకరు ఎరగరు. అలాంటి సంబంధంలో, వధూవరులు మా కారులోనే ఊరేగుతారని వియ్యంకుడికి మాట ఇచ్చింది నేను. మా పంచలో సీట్లే ఇలా ఉంటే కారు ఎలా ఉంటుందోనని ఆయన ఒంగోలులో ఇల్లిల్లూ తిరిగి చెప్పాడట. ఆయన ముందు నా తల వంచకు నాయనా. సీట్లు తిప్పి పంపుతున్నాను, వెంటనే బిగించు.

ఇట్లు,
పేరయ్య

తా.క. మూడు సీట్లే పంపుతున్నాను. నాలుగోదాంట్లో ఇవాళ మళ్ళీ వచ్చిన వియ్యంకుడు నిద్రపోతున్నాడు.


నల్లపాడు,
మంగళవారం

పెదనాన్న గారికి, కాళ్ళు పట్టుకుని రాస్తున్నాను.

శుభలేఖ రెండుసార్లు చదివాను. అందులో ముహూర్తం ఉంది, విందు ఉంది, కారులో ఊరేగింపు అని ఎక్కడా లేదు.

ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను. ఆ కారు పెళ్ళికి కాదండీ, పందేనికి. చెన్నై పక్కన దానికోసమే వేసిన ట్రాక్ ఉంది, అక్కడ పరుగెత్తించడానికి. మీకు తెలుసనుకున్నాను. మీరు "ఆ రోజు" అన్నప్పుడల్లా నేను పందెం రోజు అనుకున్నాను. జనం వస్తారంటే వస్తారనుకున్నాను. పూలంటే పూజకనుకున్నాను.

ఇప్పుడు సీట్లు బిగిద్దామంటే ఇనుప గొట్టాలు అడ్డం. గొట్టాలు కోస్తే కారు పాడవుతుంది. టైర్లు కూడా ట్రాక్‌వే, దాన్ని రోడ్డు మీద నడిపితే పోలీసులు ఊరుకోరు. చైతన్యబాబుకి ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాను. చాలాసేపు నవ్వి, "లారీలో ఎక్కించి పంపించెయ్, నేను చూసుకుంటా" అన్నాడు. పంపుతున్నాను. తప్పు నాదే. పెళ్ళికి రావడానికి ముఖం చెల్లడం లేదు.

ఇట్లు,
యూసుఫ్

తా.క. కొలత రమ్యమ్మదని మీరు రాశారు. పందెం కారుకి ఆ అమ్మాయి కొలత ఎందుకు పంపారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.


వేములపాలెం,
పెళ్ళయిన మూడో రోజు

చిరంజీవి యూసుఫ్‌కి పెదనాన్న ఆశీస్సులు. పెళ్ళి బాగా జరిగింది. నువ్వు రానందుకు కోటిరత్నం నీ మీద కోపంగా ఉంది, నీ వాటా అరిసెలు ప్రేమదాసు చేత పంపుతూనే కోప్పడుతోంది.

నీ ఉత్తరం చదివాక నాకు పందెం మీద కోపం రాలేదు. ఎడ్లతో బండ లాగించి పెరిగినవాణ్ణి, పందెం అంటే నాకేం భయం? కానీ పోటీకి పోయే ఎద్దుని మేపుతారు గాని ఉన్న కండ కోసి పంపుతారా అనిపించింది. నా బాధంతా వియ్యంకుడికి ఇచ్చిన మాట గురించే.

కారు లారీ దిగలేదు. దిగితే పోలీసులన్నావు కదా. ప్రేమదాసు లారీ మీదే ఉంచి, నీ ఇనుప పందిరికి బంతిపూలు కట్టాం. లారీ ఎంత కడిగినా మిరపకాయల ఘాటు పోలేదు. గుడి ముందు నిలబడ్డ ఒంగోలు వాళ్ళందరికీ కళ్ళ వెంట నీళ్ళు. పిల్లని అత్తారింటికి పంపుతున్నందుకు మావాళ్ళు ఏడుస్తున్నారనుకుంటే, వాళ్ళు మాకంటే ఎక్కువ ఏడుస్తున్నారేమిటని ఊరంతా మెచ్చుకుంది.

ముందుగా అల్లుణ్ణి ఎక్కించాం. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి, నడుము సీట్లో దిగలేదు. వియ్యంకుడు నా వైపు చూశాడు. జన్మలో నాకంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు యూసుఫ్. ఆయన చూపు తప్పించుకోవడానికి తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాను.

అప్పుడు రమ్య పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ఆ గొట్టాల సందులోంచి కాలు పెట్టి, దినమూ చేసే పనిలా లోపలికి దిగి కూర్చుంది. సీటు ఆ పిల్ల చుట్టూ పోతపోసినట్టు సరిపోయింది. ఐదు బెల్టులూ కళ్ళతో చూడకుండానే బిగించుకుంది. నేను నోరు తెరిచి చూస్తుంటే దగ్గరికి పిలిచి, నా చెవిలో గట్టిగా చెప్పింది.

"తాతయ్యా, ఇది నా సీటు. ట్రాక్ మీద తోలేది నేను. నా పెళ్ళికి అన్నయ్య ఇచ్చిన కానుక ఇది."

చెన్నైలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు గుడికి వెళుతున్నానని చెప్పేది. గుడి కాదు, నీ ట్రాక్. భయపడుతుందని నువ్వు దాచావే, ఆ ఆడపిల్ల.

"మరి ఇతను?" అని అల్లుణ్ణి చూపించాను. శ్యామ్ సుందర్ అప్పటికే సీట్లోంచి దిగి, కారు ముందు లారీ మీద నిలబడి, కోటిరత్నం ఇచ్చిన పసుపు కండువా రెండు చేతులా పట్టుకుని ఊపుతున్నాడు. రెండో మనిషి బయట నిలబడి జెండా ఊపుతాడని రాశావు చూడు. ఆ రెండో మనిషి అతనే. రెండేళ్ళుగా అక్కడ జెండా ఊపేది అతనేనట. ఒకరి ముఖం ఒకరు ఎరగని పిల్లలకి నేను కుదిర్చిన సంబంధం అది. ఆ నాలుగు ఫోటోల్లో మిగిలిన ముగ్గురినీ చూస్తే ఎవరైనా ఇతన్నే ఏరతారని కోటిరత్నం అప్పుడే అంది, నేను వినిపించుకోలేదు. ఈసారి తప్పు చెవులది కాదు.

వియ్యంకుడు మాత్రం నా భుజం తట్టి, ఇలాంటి కారు తను ఎక్కడా చూడలేదని ఒప్పుకున్నాడు. నా మాట నిలబడింది.

ఏదైతేనేం, నీ ఒట్లు, నీ వెల్డింగు, నీ అనుమానాలు అన్నీ క్షమించాను. ఇకనుంచి ఏ సంగతైనా పేరుపెట్టి రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న పేరయ్య

తా.క. నాలుగో సీటు వియ్యంకుడు ఒంగోలు పట్టుకెళ్ళాడు. తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోకు.

మరో తా.క. నీ దగ్గరున్న మూడింట్లో ఒక సీటు రమ్య పక్కన ఎలాగైనా బిగించు. గొట్టాలు అడ్డమైతే వంచు. రూలు ఒప్పుకోకపోతే పందెం లేని రోజే వెళతాం. ఊరేగింపు అయ్యాక పిల్ల ఒక్కసారి ఇంజన్ స్టార్ట్ చేసింది. పిల్లలు చెవులు మూసుకున్నారు, గేదెలు పలుపులు తెంపుకున్నాయి. నాకు వినపడింది యూసుఫ్. ఇన్నేళ్ళకి ఒక శబ్దం ఎవరూ నా చెవి దగ్గర అరవకుండా దానంతటది వచ్చి వినపడింది. ఆ పక్కన కూర్చుని ఇంకోసారి వినాలని ఉంది. నా కొలత దీంతో పంపుతున్నాను.