నోట్లో ఏమీ వేయొద్దన్నారని

డాక్టరుబాబు గారికి,

లోపలికి రానివ్వడం లేదు కాబట్టి చెప్పి రాయిస్తున్నాను. కడుపులోకి గొట్టం వేసి చూడాలి, నోట్లో ఏమీ వేయొద్దన్నారు. రాత్రి నుంచి మా ఆయనకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. సూది పొట్టకే కదా, నోటికి కాదు కదా అని ఇన్సులిన్ మాత్రం రోజూలాగే పొద్దున్నే పొడిచాను. మీ మాట జవదాటలేదు.

పొద్దెక్కింది, మీ పిలుపు లేదు. ఆయన ఒళ్లంతా వణుకుతోంది, చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఇందాక నన్నే పట్టుకుని "ఎవరమ్మా నువ్వు?" అన్నారు. ఇది రాస్తున్న పక్క కుర్చీ మాస్టారేమో, "షుగర్ పడిపోయిందమ్మా, కాస్త చక్కెర నోట్లో వేయండి" అంటున్నారు.

"మీరు డాక్టరా? చెప్పింది రాయండి చాలు" అన్నాను.

ఇప్పుడే వణుకు తగ్గింది. నా భుజం మీద తల వాల్చారు, పిలిచినా పలకడం లేదు. నిద్ర పట్టినట్టుంది. లేచారంటే గోల చేస్తారు, ఈలోగానే పిలవండి.